ట్రిస్టన్ డ కున్హా దీవి: తరచుగా అడిగే ప్రశ్నలు

"ప్రపంచంలోకెల్లా ఒంటరి ఊరు" అంటూ ఒక నిమిషం వీడియో మీరూ ఎక్కడో చూసే ఉంటారు. వెనకాల గోడలా నిలబడ్డ కొండ, దాని కింద పచ్చిక, రంగు రేకుల ఇళ్లు, వాటి మీద భయపెట్టే మ్యూజిక్. స్టాంపులు పోగేసే పిచ్చి వల్ల నాకు ఈ దీవి ఆ వీడియోల కంటే ముందే పరిచయం. అందుకని ఇంట్లోవాళ్లు, స్నేహితులు అది చూడగానే నన్ను అడుగుతుంటారు. మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఇది అసలు ఎక్కడుంది?

దక్షిణ అట్లాంటిక్ సముద్రం నడిమధ్యలో. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి పడమరగా దాదాపు 2,800 కిలోమీటర్లు పోవాలి. జనం ఉన్న చోట్లలో దీనికి అందరికంటే దగ్గరి పొరుగు సెయింట్ హెలెనా దీవి. దగ్గర అన్నాను గానీ, అదీ 2,400 కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానం ఎగిరే దూరానికి ఇంచుమించు రెట్టింపు. మధ్యలో అంతా నీళ్లే.

దీవి వైశాల్యం 98 చదరపు కిలోమీటర్లు. నిజానికి ఇది సముద్రం అడుగు నుంచి లేచిన ఒక అగ్నిపర్వతం కొస. మధ్యలోని క్వీన్ మేరీ శిఖరం ఎత్తు సుమారు 2,060 మీటర్లు. మన అరకు చుట్టుపక్కల కొండలేవీ దానికి సాటిరావు. చుట్టూ నిట్టనిలువు కొండచరియలు కాబట్టి మనుషులు ఉండడానికి వీలైన నేల వాయవ్య మూలన చిన్న పీలికంతే. ఊరంతా అక్కడే.

ఊరి పేరేంటి? ఎంతమంది ఉంటారు?

కాగితాల మీద 'ఎడిన్‌బరో ఆఫ్ ది సెవెన్ సీస్', ఏడు సముద్రాల ఎడిన్‌బరో. 1867లో విక్టోరియా రాణి కొడుకు, ఎడిన్‌బరో డ్యూక్ ఆల్ఫ్రెడ్ ఓడలో వచ్చి వెళ్లాక ఆయన గౌరవార్థం ఆ పేరు పెట్టారు. దీవివాళ్లు మాత్రం 'సెటిల్‌మెంట్' అని ఊరుకుంటారు. ఉన్నది ఒకటే ఊరైనప్పుడు పేరుతో పనేముంది! జనాభా 250 లోపే.

అంత మారుమూలకి మనుషులు ఎలా చేరారు? ఆదివాసులా?

కాదు. ఇక్కడ ఆదివాసులెవరూ లేరు. 1506లో పోర్చుగీసు నావికుడు త్రిస్తావ్ ద కూన్యా ఈ దీవిని చూసి, తన పేరు తగిలించి వెళ్లాడు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు దాటినా ఎవరూ స్థిరపడలేదు. సీల్ అనే సముద్రజంతువుల వేటగాళ్లు, మంచినీళ్ల కోసం ఆగే ఓడలు, అంతే.

మొదటి కాపురం ఒక విచిత్రమైన మనిషిది. అమెరికాలోని సేలం పట్టణానికి చెందిన జొనాథన్ లాంబర్ట్ 1811 ప్రాంతంలో ఇంకో ఇద్దరు ముగ్గురితో దిగి, ఈ దీవులకు నేనే యజమానినని ప్రకటన రాసి పంపితే అది బోస్టన్ పేపర్లో అచ్చయింది. దీవుల పేరు కూడా మార్చేశాడు: 'సేదతీరే దీవులు'. దారిన పోయే ఓడలకు కూరగాయలు, నీళ్లు అమ్ముకోవాలని ఆయన ప్లాన్. సామ్రాజ్యం ఏడాదిన్నర కూడా నిలవలేదు. 1812లో సముద్రంలో మునిగి చనిపోయాడు.

అసలు కథ నెపోలియన్‌తో మొదలవుతుంది. ఆయన్ని సెయింట్ హెలెనాలో బంధించాక, ఎవరైనా ట్రిస్టన్‌ని అడ్డా చేసుకుని విడిపించుకుపోతారేమోనని బ్రిటన్‌కి టెన్షన్ పట్టుకుంది. 1816లో దీవిని స్వాధీనం చేసుకుని సైన్యాన్ని దింపింది. అంత దూరం నుంచి కాపలా ఏంటో నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు. కొన్నాళ్లకే వాళ్లకీ అదే అనిపించినట్టుంది, 1817 నవంబర్లో సైన్యాన్ని వెనక్కి పిలిచేశారు.

అప్పుడు విలియం గ్లాస్ అనే స్కాట్లండ్ కార్పొరల్ "నేనిక్కడే ఉంటాను" అన్నాడు. భార్య, పిల్లలు కూడా వెంట ఉన్నారు. ప్లిమత్ నుంచి వచ్చిన తాపీమేస్త్రీలు ఇద్దరు తోడు నిలిచారు. ఈ దీవి గురించి మీరు ఒక్క సంగతే గుర్తుపెట్టుకోవాలనుకుంటే, ఆ ముగ్గురూ 1817 నవంబర్ 7న రాసుకున్న ఒప్పందాన్ని గుర్తుపెట్టుకోండి. పశువులు, సరుకులు అందరివీ సమానం. లాభం వచ్చినా ఖర్చు వచ్చినా సమానంగా పంచుకోవాలి. పనీ అంతే. ఒకరు ఇంకొకరి మీద పెద్దరికం చెలాయించకూడదు, అన్ని విధాలా అందరూ సమానమే. రాజకీయ సిద్ధాంతాలు చదువుకున్నవాళ్లు కాదు, ఒక సిపాయి, ఇద్దరు తాపీమేస్త్రీలు. ఆ తర్వాత మేస్త్రీలిద్దరూ వెళ్లిపోయారు గానీ కాగితంలోని మాట మాత్రం ఉండిపోయింది.

ఆడవాళ్లు ఎలా వచ్చారు?

ఇది అందరూ అడుగుతారు, కాస్త గొంతు తగ్గించి. గ్లాస్ తప్ప మిగిలిన మగవాళ్లందరూ బ్రహ్మచారులు. దాంతో అటుగా వచ్చిన ఒక ఓడ కెప్టెన్ని బతిమాలుకున్నారు, సెయింట్ హెలెనా నుంచి పెళ్లికి ఒప్పుకునేవాళ్లు ఎవరైనా ఉంటే తీసుకురమ్మని. 1827లో ఆయన నిజంగానే అయిదుగురిని తీసుకొచ్చాడు. వాళ్లలో పిల్లలున్న ఒక వితంతువు కూడా ఉంది. థామస్ స్వెయిన్ అనే నావికుడు "ఒడ్డున మొదట అడుగుపెట్టిన ఆవిడే నా భార్య" అని ముందే పంతం పట్టాడనీ, మొదట దిగింది ఆ వితంతువే అనీ దీవిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ కథల్లో మగవాళ్ల పంతాలే మిగులుతాయి. ముక్కూమొహం తెలియని మనిషిని పెళ్లాడడానికి తిరుగు ప్రయాణం లేని ఓడెక్కిన ఆ అయిదుగురు ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు.

అందరూ ఒకే కుటుంబమా? ఇంటిపేర్లు ఏడే అంటారు, నిజమేనా?

చాలాకాలం ఏడే. గ్లాస్ (స్కాట్లండ్), స్వెయిన్ (ఇంగ్లండ్), రోజర్స్, హేగన్ (ఇద్దరూ అమెరికా తిమింగలాల వేటగాళ్లు), గ్రీన్, రెపెట్టో, లవరెల్లో. ఈమధ్య పెళ్లిళ్ల వల్ల ఒకటి రెండు కొత్తవి చేరాయి.

గ్రీన్ అంటే ఇంగ్లిష్‌వాడు కాదు. నెదర్లండ్స్‌లోని కాట్వైక్ ఊరివాడైన పీటర్ గ్రూన్. 1836లో ఓడ బద్దలై ఇక్కడ తేలాడు, పేరు ఇంగ్లిష్‌లోకి మార్చుకుని ఊరికి పెద్దదిక్కయ్యాడు. చివరి రెండు ఇంటిపేర్లు ఇటలీవి. 1892లో 'ఇటాలియా' అనే ఓడ బొగ్గు మోసుకెళ్తూ అంటుకుంది. కెప్టెన్ దాన్ని దీవి ఒడ్డుకే తోలేశాడు. నావికుల్లో చాలామంది ఇళ్లకు పోయారు. కమోలీ ఊరివాళ్లు ఆంద్రేయా రెపెట్టో, గయెతానో లవరెల్లో ఇక్కడి అమ్మాయిలను పెళ్లి చేసుకుని ఉండిపోయారు. 2017లో కట్టిన కొత్త ఆస్పత్రికి కమోలీ పేరే పెట్టారు. నూటపాతికేళ్ల తర్వాత అల్లుళ్ల ఊరిని ఇలా గుర్తుపెట్టుకోవడం నాకు భలే నచ్చింది.

మూలపురుషులు, స్త్రీలు కలిసి పదిహేను మంది దాకానే కాబట్టి అందరూ ఏదో ఒక వరసలో చుట్టాలే. దాని ప్రభావం ఆరోగ్యం మీద కూడా ఉంది. ఇక్కడ ఉబ్బసం చాలా ఎక్కువ. మొదట వచ్చినవాళ్లలో కొందరికి ఆ జబ్బు ఉండేది. అందుకే కెనడాలోని టొరంటో యూనివర్సిటీ పరిశోధకులు ఉబ్బసానికి జన్యువుల్లో మూలం ఎక్కడుందో వెతుకుతూ 1990లలో ఈ ఊరిని పరీక్షించారు.

ఎలా బతుకుతారు? తిండి ఎక్కడిది?

రెండే రెండు ఆధారాలు: బంగాళదుంప, లాబ్‌స్టర్.

ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో 'పొటాటో ప్యాచెస్' అనే పొలాలున్నాయి. చుట్టూ రాతిగోడలు కట్టిన చిన్న చిన్న మళ్లు. గాలికి తట్టుకోవాలంటే గోడ ఉండాల్సిందే. ప్రతి కుటుంబానికీ అక్కడ కొన్ని మళ్లుంటాయి. ఆఫీసులో ఉద్యోగం చేసేవాళ్లు కూడా సాయంత్రం దుంపలు తవ్వడానికి వెళ్తారు. నేల ఎవరి సొంతమూ కాదు, ఊరందరిదీ. ఒక్కో ఇంటికి ఎన్ని ఆవులు, ఎన్ని గొర్రెలు ఉండొచ్చో కూడా లెక్క ఉంది. ఒకడు మంద పెంచుకుని పచ్చికంతా మేపేసి మిగతావాళ్లని ఎండగట్టకుండా. 1817 కాగితం ఇంకా పనిచేస్తోందని నేననేది ఇందుకే.

రెండో ప్రపంచయుద్ధం దాకా ఇక్కడ డబ్బుతో పెద్దగా అవసరమే లేదు. ఓడలతో వస్తుమార్పిడి చేసుకునేవాళ్లు. 1942లో బ్రిటిష్ నౌకాదళం రేడియో, వాతావరణ కేంద్రం పెట్టి కూలీ ఇవ్వడం మొదలెట్టాక డబ్బు అలవాటైంది. యుద్ధం అయ్యాక లాబ్‌స్టర్ పరిశ్రమ వచ్చింది. ఇప్పుడు దీవికి వచ్చే ఆదాయంలో పెద్ద వాటా దానిదే. పట్టినదాన్ని ఊళ్లోని ఫ్యాక్టరీలో గడ్డకట్టించి విదేశాలకు పంపుతారు. 2008లో ఆ ఫ్యాక్టరీ కాలిపోతే మరుసటి ఏడాదికల్లా కొత్తది కట్టుకున్నారు.

వేటకు వెళ్లాలా వద్దా అన్నది సముద్రం చెప్పాలి. తెల్లవారుజామున సముద్రం ప్రశాంతంగా ఉంటే ఊళ్లో గంట కొడతారు. గంట అంటే గుడి గంట కాదు, వేలాడదీసిన పాత గ్యాస్ సిలిండర్. ఆ చప్పుడు విన్నారంటే మిగతా పనులు పక్కన పెట్టి పడవల దగ్గరికి పరుగే.

అగ్నిపర్వతం పేలిందట కదా? అప్పుడు ఏం చేశారు?

నా దృష్టిలో అడగాల్సిన ప్రశ్న ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

1961 ఆగస్టు నుంచి భూమి కదలడం మొదలైంది. అక్టోబర్‌కల్లా ఊరి పక్కనే నేల ఉబ్బి, పగిలింది. జనమంతా, మొత్తం 264 మంది, ఒక రాత్రి పొటాటో ప్యాచెస్‌లో గడిపి, అక్టోబర్ 10న చేపల ఓడల్లో పక్కనున్న నైటింగేల్ దీవికి చేరారు. అక్కడి నుంచి డచ్చి ఓడ ఒకటి వాళ్లని కేప్‌టౌన్‌కి తీసుకెళ్లింది. ఆ నవంబర్ మొదట్లో ఇంగ్లండ్‌లో దిగారు.

పత్రికలవాళ్లకి పండగే. పంతొమ్మిదో శతాబ్దం నుంచి నేరుగా ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చిపడ్డ మనుషులన్నట్టు ఫొటోలు తీశారు. మొదట సర్రేలోని ఒక పాత సైనిక శిబిరంలో, తర్వాత సౌతాంప్టన్ దగ్గర కాల్షాట్‌లో ఇళ్లిచ్చారు. ఉద్యోగాలు దొరికాయి. టీవీ, సినిమా, బస్సులు, షాపులు అన్నీ చూశారు. అదే సమయంలో ఆ చలికాలం దగ్గు, జలుబు, ఊపిరితిత్తుల జబ్బులు వాళ్లను బాగా కుంగదీశాయి. తలుపుకి తాళం వేసే అలవాటు లేనివాళ్లకి దొంగతనాలు, దౌర్జన్యాలు కొత్త.

ఇళ్లిచ్చాం, పనిచ్చాం, ఇక్కడే ఉండిపోతారులే అని ప్రభుత్వం అనుకుంది. వీళ్లు ఒప్పుకోలేదు. 1962లో పన్నెండు మంది మగవాళ్లు ముందుగా వెళ్లి చూశారు. లావా ఫ్యాక్టరీని, పడవలు దించే తీరాన్ని మింగేసింది గానీ ఊరి ఇళ్లు దాదాపు అన్నీ నిలిచే ఉన్నాయి. ఆ డిసెంబర్లో ఓటు పెట్టారు. వెనక్కి వెళ్దామన్నవాళ్లు 148 మంది, వద్దన్నవాళ్లు అయిదుగురు. 1963లో రెండు జట్లుగా తిరిగి వెళ్లిపోయారు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. "తిరిగి వెళ్లి హాయిగా ఉన్నారు" అని వీడియో అయిపోతుంది. నిజం అంత సాఫీగా లేదు. 1966లో ముప్పైమందికి పైగా మళ్లీ ఇంగ్లండ్ వచ్చేశారు. వాళ్లలో కొందరు మళ్లీ దీవికి పోయారు. అంతకుముందు 1857లోనూ ఒకసారి ఊరు సగానికి పైగా ఖాళీ అయింది. కాబట్టి వీళ్లు ఎక్కడికీ పోలేక చిక్కుకుపోయినవాళ్లు కాదు. వెళ్లడం తెలుసు, వెళ్లి చూశారు, ఎక్కువమంది ఇదే బాగుందన్నారు.

సముద్రం ఎప్పుడూ మంచిగానే ఉందా?

లేదు. 1885 నవంబర్ 28న దూరంగా ఒక ఓడ కనిపించింది. సరుకులు మార్చుకోవచ్చని పదిహేను మంది మగవాళ్లు పడవ వేసుకుని వెళ్లారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ చిన్న ఊళ్లో దాదాపు అన్ని ఇళ్లూ ఒకేసారి దిక్కులేనివయ్యాయి. కొన్నేళ్లపాటు దాన్ని వితంతువుల దీవి అన్నారు. ఆ వార్త తెలిసి ఎడ్విన్ డాడ్జ్‌సన్ అనే మతబోధకుడు, అంతకుముందు ఇక్కడ పనిచేసి వెళ్లినాయన, వాళ్లకి తోడుగా మళ్లీ వచ్చాడు. 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' రాసిన లూయిస్ కరోల్‌కి స్వయానా తమ్ముడు.

పండగలు, ఆచారాలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, సరదాగా ఉంటాయి కూడా. 1882లో బద్దలైన ఒక ఓడ నుంచి ఎలుకలు దీవిలోకి చేరి బంగాళదుంపలకు శత్రువులయ్యాయి. ఏడాదికొకసారి 'ర్యాటింగ్ డే'. జట్లుగా విడిపోయి ఎలుకలు పట్టి, తోకలు లెక్కపెట్టి, ఎక్కువ తోకలకి, అందరికంటే పొడవైన తోకకి బహుమతులిస్తారు. డిసెంబర్ 31 రాత్రి 'ఒకలోలీస్' బయల్దేరతారు. ముఖాలకు మాస్కులు, ఒంటికి వింత బట్టలు వేసుకున్న కుర్రాళ్లు ఇల్లిల్లూ తిరిగి అమ్మాయిలను, పిల్లలను తరిమి భయపెడతారు. చుట్టూ తెలిసినవాళ్లే, అయినా ఎవరు ఎవరో పోల్చుకోకూడదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ప్రేమ సాక్సులు. దీవి గొర్రెల ఉన్ని తీసి అమ్మాయి తనకు నచ్చిన అబ్బాయికి మేజోళ్లు అల్లేది. పైఅంచున రంగు గీతలు ఎన్ని ఎక్కువుంటే ఇష్టం అంత ఎక్కువన్నమాట. మెసేజ్ పెట్టి, చూశాడా లేదా అని ఎదురుచూసే గోల లేదు. కాళ్లవైపు చూస్తే ఊరందరికీ తెలిసిపోతుంది, అదొక్కటే ఇబ్బంది.

చుట్టుపక్కల ఇంకేమైనా దీవులున్నాయా?

ఇన్‌యాక్సెసిబుల్, నైటింగేల్ దగ్గర్లోనే ఉన్నాయి. మనుషులెవరూ ఉండరు. ఇన్‌యాక్సెసిబుల్ అంటే చేరరానిది. ఎగరలేని పక్షుల్లో ప్రపంచంలోనే అతి చిన్నది అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. 1871లో స్టోల్టెన్‌హాఫ్ అనే ఇద్దరు జర్మన్ అన్నదమ్ములు సీల్ వేట మీద ఆశతో అక్కడ దిగి, రెండేళ్లు నానా కష్టాలూ పడ్డారు. 1873లో చాలెంజర్ అనే శాస్త్రపరిశోధన ఓడ వచ్చి కాపాడింది.

ఇంకో 350 కిలోమీటర్లు ఆగ్నేయంగా గాఫ్ దీవి. 1995 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. అక్కడ ఓడల నుంచి దిగిన చిట్టెలుకలు పెద్దవై, గూళ్లలోని ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షుల పిల్లలను బతికుండగానే కొరుక్కు తింటున్నాయి. 2021లో వాటిని నిర్మూలించడానికి పెద్ద ప్రయత్నం జరిగింది, ఫలించలేదు.

2011 మార్చిలో సోయా మోసుకెళ్తున్న ఒక ఓడ నైటింగేల్ రాళ్లకు గుద్దుకుంది. కారిన నూనెలో వేలాది పెంగ్విన్లు తడిసిపోయాయి. ఊరివాళ్లు వాటిని పడవల్లో తెచ్చుకుని, కడిగి, తమ ఈతకొలనులో ఉంచి చూసుకున్నారు. చాలావాటిని బతికించలేకపోయారు. 2020లో ఈ ఊరే తన చుట్టూ 6,87,000 చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అంతకు సగం కూడా రావు.

ఎవరు పాలిస్తారు?

బ్రిటన్ కింద ఉన్న ప్రాంతం ఇది. అక్కడి నుంచి ఒక అడ్మినిస్ట్రేటర్ వస్తారు. ఊరివాళ్లు ఎన్నుకున్న కౌన్సిల్ ఉంటుంది, దాని పెద్దని 'చీఫ్ ఐలాండర్' అంటారు. కౌన్సిల్లో కనీసం ఒక మహిళ ఉండి తీరాలి.

ఇండియా నుంచి వెళ్లొచ్చా? అక్కడే స్థిరపడొచ్చా?

వెళ్లొచ్చు. విమానాశ్రయం లేదు, కట్టేంత చదునైన నేలా లేదు. కేప్‌టౌన్ నుంచి ఓడెక్కాలి, అదీ ఏడాదిలో కొద్దిసార్లే ఉంటుంది. ప్రయాణం దాదాపు వారం. ముందుగా ఐలాండ్ కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి, పోలీసు సర్టిఫికెట్ అడుగుతారు. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి దక్షిణాఫ్రికా వీసా కావాలి. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ కేప్‌టౌన్‌లోనే దిగాలి కాబట్టి రెండోసారి ప్రవేశానికీ పనికొచ్చే వీసా ఉందో లేదో చూసుకోండి.

ఓడ చేరినంత మాత్రాన దిగుతామన్న గ్యారంటీ లేదు. హార్బర్ చాలా చిన్నది, అలలు పెద్దవైతే పడవలు బయటికి రావు. ఊరు కళ్లెదురుగా కనిపిస్తుంటే రోజుల తరబడి డెక్ మీదే కూర్చున్నవాళ్లున్నారు. సెలవు చీటీలో తేదీ ముందే రాసిచ్చే ఉద్యోగస్తులకి ఇది కుదిరే పని కాదు.

స్థిరపడడం కుదరదు. బయటివాళ్లకి నేల అమ్మరు. డాక్టరు, టీచరు లాంటి పనుల మీద కొన్నాళ్లు వచ్చేవాళ్లు వేరు. దీవి మనిషిని పెళ్లి చేసుకుంటే అప్పుడు వేరే సంగతి, రెపెట్టో, లవరెల్లోలకు కుదిరినట్టు.

పిల్లల చదువు, పెద్ద జబ్బులు?

సెయింట్ మేరీస్ స్కూల్లో పదహారేళ్ల దాకా చదువుకుంటారు. ఆపైన బయటికి వెళ్లాల్సిందే. ఊరి ఆస్పత్రిలో తేలని జబ్బయితే ఓడ వచ్చేదాకా ఆగి కేప్‌టౌన్ వెళ్లాలి. ఒంటరితనం కంటే ఇదే ఇక్కడి అసలు కష్టం.

స్టాంపుల సంగతేంటి?

అడిగారు కాబట్టి చెప్తాను, మధ్యలో ఆపొద్దు. 1946లో అలన్ క్రాఫర్డ్ అనే ఆయన దీవికి సొంత స్టాంపు కావాలని ఒక నమూనా తయారుచేశాడు. అంతకు కొన్నేళ్ల ముందు నార్వే శాస్త్రవేత్తల బృందంతో వచ్చి ఈ దీవి మ్యాపు గీసిన మనిషి. స్టాంపు మీద పెంగ్విన్ బొమ్మ, వెల: ఒక పెన్నీ లేదా నాలుగు బంగాళదుంపలు. అధికారులు ఒప్పుకోలేదు గానీ, ఆ స్టాంపు కోసం సేకరించేవాళ్లు ఇప్పటికీ వెతుకుతూనే ఉంటారు. 1952లో సెయింట్ హెలెనా స్టాంపుల మీద ఈ దీవి పేరు ముద్రించి అమ్మారు. జనం తిరిగొచ్చిన 1963లో మళ్లీ సెయింట్ హెలెనా స్టాంపుల మీదే 'ట్రిస్టన్ పునరావాసం 1963' అన్న అర్థంలో ఇంగ్లిష్ ముద్ర వేశారు. నా ఆల్బమ్‌లో ఉన్నది వాటిలో ఒకటే, దానికే ఇంత కథ చెప్తున్నాను.

వాళ్లకి ఉత్తరం రాస్తే చేరుతుందా?

చేరుతుంది, తొందర పడకూడదంతే. ఒకప్పుడు ఎడిన్‌బరో అని చూసి పార్శిళ్లు స్కాట్లండ్‌కి పోయేవి. ఆన్‌లైన్ షాపులేమో పోస్ట్‌కోడ్ లేకపోతే ఆర్డరే తీసుకునేవి కావు. దాంతో 2005లో బ్రిటన్ వీళ్లకంటూ ఒక కోడ్ ఇచ్చింది: టీడీసీయూ 1జెడ్‌జెడ్. కవరు మీద అది రాసి, దక్షిణ అట్లాంటిక్ అని స్పష్టంగా పెట్టండి. కేప్‌టౌన్‌లో తర్వాతి ఓడ ఎప్పుడు బయల్దేరితే అప్పుడు మీ ఉత్తరం బయల్దేరుతుంది. జవాబు కూడా అదే దారిలో రావాలి.